కడుపుతో ఉన్నప్పుడు ఏడీహెచ్‌డీ మాత్ర: మా డాక్టర్లకు ఒక ఉత్తరం

తెలంగాణ, ఆంధ్రప్రదేశ్‌లలోని గైనకాలజిస్టులకు, సైకియాట్రిస్టులకు,

నమస్కారం.

నాకు 34 ఏళ్ళు. పుట్టింది తెనాలి, ఉండేది హైదరాబాదులో మియాపూర్. ఒక ఆడిటర్ గారి ఆఫీసులో జీఎస్టీ రిటర్నులు వేస్తుంటాను. ఇప్పుడు నాకు అయిదో నెల. పొద్దున టిఫిన్ చేశాక, ఏడీహెచ్‌డీకి (అంటే మనసు ఒక పని మీద నిలవని జబ్బుకు) 10 మిల్లీగ్రాముల మిథైల్‌ఫెనిడేట్ మాత్ర ఒకటి వేసుకుంటున్నాను. ఈ సంగతి మా అత్తయ్యకు తెలియదు. మా గైనకాలజిస్టుకు తెలుసు, సైకియాట్రిస్టుకు తెలుసు. కాకపోతే వాళ్ళిద్దరూ ఇంతవరకు ఒకరితో ఒకరు ఒక్క మాట మాట్లాడుకోలేదు. నేను ఈ ఉత్తరం రాయడానికి అసలు కారణం అదే.

ఏడీహెచ్‌డీ అనగానే క్లాసులో కుదురుగా కూర్చోని మగపిల్లాడే చాలామందికి గుర్తొస్తాడు. నేను కుదురుగానే కూర్చునేదాన్ని. బుర్ర మాత్రం కూర్చునేది కాదు. 'పరధ్యానం పిల్ల' అని చిన్నప్పటినుంచీ పేరు. గొడుగులు, టిఫిన్ డబ్బాలు, ఒకసారి హాల్ టికెట్టు, ఇలా పోగొట్టుకున్నవాటితో ఒక కొట్టు పెట్టొచ్చు. 28వ ఏట సైకియాట్రిస్టు జబ్బు పేరు చెప్పారు. మొదటిసారి మాత్ర వేసుకున్న రోజున ఒక ఫైలు తెరిచి, పని పూర్తిచేసి, మూసేశాను. మధ్యలో ఒక్కసారి కూడా లేవలేదు. మిగతా వాళ్ళకు ఇది రోజూ జరిగేదే అని తెలిసి ఆ సాయంత్రం బాత్రూములో కూర్చుని కాసేపు ఏడ్చాను.

రెండేళ్ళకు మొదటిసారి నెల తప్పింది. అది కూడా ఆలస్యంగానే తెలుసుకున్నాను, తేదీలు గుర్తుపెట్టుకునే విద్య నాకెక్కడిది. ఆస్పత్రికి వెళ్ళేసరికి తొమ్మిదో వారం. ఏమేం మందులు వాడుతున్నావమ్మా అని డాక్టరమ్మ అడిగారు. చెప్పాను. పేరు రెండుసార్లు చెప్పించుకుని ఫోన్‌లో ఏదో చూశారు. "కేటగిరీ సి. ఆపేయండి" అన్నారు. ఫోలిక్ యాసిడ్ రాశారు. అప్పటికే తరువాతి ఆవిడ తలుపు సందులోంచి లోపలికి తొంగి చూస్తోంది.

ఆ డాక్టరమ్మ మంచి మనిషే. తరువాత నా కాన్పు ఎంతో ఓపిగ్గా చేశారు. బయట వరండాలో నలభై మంది ఎదురుచూస్తుంటే ఎవరైనా అలాగే చెప్తారేమో. పైగా మీ వృత్తిలో ఉన్న భయానికి ఒక చరిత్ర ఉంది. 1957లో జర్మనీలో థాలిడోమైడ్ అమ్మకానికి వచ్చింది. వేవిళ్ళకు మంచిదన్నారు. 1961 చివర్లో వెనక్కి తీసుకునే లోపు పదివేలకు పైగా పిల్లలు అవయవ లోపాలతో పుట్టారు. ఆ తరువాత ఏ డాక్టరైనా గర్భిణికి మందు రాయాలంటే చెయ్యి వణకడంలో తప్పులేదు.

కానీ ఆ 'సి' గురించి ఒక మాట. మందులకు అనుమతిచ్చే అమెరికా సంస్థ ఎఫ్‌డీఏ 1979లో ఈ అక్షరాలు పెట్టింది. సి అంటే, జంతువుల్లో ఏదో హాని కనిపించింది లేదా అసలు పరిశోధనే లేదు, మనుషుల్లో సరైన సమాచారం లేదు, కాబట్టి లాభనష్టాలు తూచి వాడండి అని. 'ఆపేయండి' అని దానికి అర్థం లేదు. చదివేవాళ్ళు ఈ అక్షరాలను పరీక్షలో గ్రేడుల్లా చూస్తున్నారని గమనించి, ఆ ఎఫ్‌డీఏనే 2015 నుంచి కొత్త లేబుళ్ళలో వాటిని తీసేసింది. పెట్టినవాళ్ళే తీసేసిన అక్షరం ఆ రోజు నా ఏడు నెలలను నిర్ణయించింది.

ఆ ఏడు నెలలు ఎలా గడిచాయో మీకు చెప్పాలి. మీ గదిలో చెప్పే వ్యవధి ఉండదు కదా.

ఈ మాత్ర ప్రభావం గంటల్లోనే పోతుంది. ఈ రోజు ఆపితే రేపటికల్లా పాత మనిషి తిరిగొస్తుంది. స్టవ్ మీద పాలు పెట్టి మరిచిపోవడం, కుక్కర్ అడుగంటడం లాంటివి అన్ని ఇళ్ళలోనూ ఉంటాయి, వాటి గురించి రాయను. రెండుసార్లు షుగర్ పరీక్ష తప్పిపోయాను. ఒకసారి తేదీ మరిచిపోయాను, ఇంకోసారి ల్యాబుకు వెళ్ళి, గ్లూకోజు నీళ్ళు తాగి, రెండు గంటలు ఆగమంటే ఆగలేక ఏదో గుర్తొచ్చి బయటికి వచ్చేశాను. ఐరన్ మాత్రలు నెలకు ముప్ఫై తెచ్చుకుంటే నెలాఖరుకు పద్దెనిమిది మిగిలేవి. జీఎస్టీఆర్-3బీ అనే రిటర్ను ప్రతి నెలా 20వ తేదీలోగా వేయాలి. ఆ ఏడు నెలల్లో ముగ్గురు క్లయింట్లకు లేటు ఫీజు పడింది. ఆడిటర్ గారు ఏమీ అనలేదు, నన్ను రిటర్నుల పని నుంచి తీసి ఓచర్లు ఎంట్రీ చేసే పనిలో పెట్టారు. ఏమీ అనకపోవడమే ఎక్కువ బాధ పెట్టింది.

ఆరో నెలలో ఒక రోజు స్కూటీ మీద వెళ్తూ ఎర్ర లైటు చూసి కూడా ఆగలేదు. కళ్ళు చూశాయి, బుర్రకు చేరలేదు. బస్సు డ్రైవరు బ్రేకు వేశాడు కాబట్టి సరిపోయింది. ఇంటికి వచ్చి ఎవరికీ చెప్పలేదు.

మాత్ర వేసుకుంటే బిడ్డకు ఏమవుతుందో అని మీరు ఆలోచించారు. మాత్ర వేసుకోకపోతే ఆ బిడ్డను మోస్తున్న మనిషికి ఏమవుతుందో అన్నది ఎవరి లెక్కలోకీ రాలేదు. అమెరికాలో ఏడీహెచ్‌డీ ఉన్న 23 లక్షల మంది రికార్డులు చూసి 2017లో ఒక అధ్యయనం ప్రచురించారు. అదే మనిషి మందు తీసుకున్న నెలలను, తీసుకోని నెలలను పోల్చి చూశారు. మందు తీసుకున్న నెలల్లో ఆడవాళ్ళకు రోడ్డు ప్రమాదాలు 42 శాతం తక్కువ. వాళ్ళంతా గర్భిణులు కారు, నిజమే. కానీ కడుపుతో ఉన్నంత మాత్రాన ఎర్ర లైటు నాకు ఎక్కువగా ఏమీ కనబడదు కదా.

ఇంకొకటి కూడా ఉంది, నవ్వొస్తుంది. మాత్ర ఆపాక మెలకువగా ఉండడానికి ఆఫీసులో రోజుకు అయిదారు కాఫీలు తాగేదాన్ని. గర్భిణులు రోజుకు 200 మిల్లీగ్రాముల కెఫీన్ దాటొద్దని మీ సంఘాలే చెప్తాయి. ఎవరూ నన్ను కాఫీ గురించి అడగలేదు. కాఫీ మందు కాదుగా!

ఇక బిడ్డ సంగతి. బాబుకు పాలిస్తూ రాత్రిళ్ళు ఫోన్‌లో పరిశోధనలు చదివాను. ఏడీహెచ్‌డీ ఉన్నవాళ్ళకు ఒక విషయం పట్టుకుంటే వదలకపోవడం అనే రోగం కూడా ఉంటుంది, ఆ రకంగా అది ఉపయోగపడింది. నేను డాక్టర్ని కాను. తప్పుగా అర్థం చేసుకుని ఉంటే సరిదిద్దండి.

2018లో జామా సైకియాట్రీ అనే వైద్య పత్రికలో వచ్చిన అధ్యయనం అన్నిటికంటే పెద్దది అనిపించింది. అమెరికాలో 18 లక్షల గర్భాల రికార్డులు. వాళ్ళలో మొదటి మూడు నెలల్లో మిథైల్‌ఫెనిడేట్ వాడినవాళ్ళు 2,072 మంది. మిగతా తేడాలన్నీ సరిచేసి చూస్తే బిడ్డకు గుండె లోపం వచ్చే అవకాశం 28 శాతం పెరిగింది. స్వీడన్, డెన్మార్క్ లాంటి అయిదు నార్డిక్ దేశాల రికార్డులు కలిపినా ఇంచుమించు అదే లెక్క. 28 శాతం అని మా అమ్మకు చెప్తే గుండె పట్టుకుని కూర్చుంది. అదే లెక్కను ఇంకోలా చెప్పాను: మామూలుగా వెయ్యి మంది పిల్లల్లో పది మందికి గుండె లోపం ఉంటుందనుకుంటే, తల్లులంతా ఈ మాత్ర వాడితే పదమూడు మందికి ఉంటుంది. వెయ్యికి ముగ్గురు ఎక్కువ. అమ్మ కాసేపు ఆలోచించి, "అయితే ఆ మూడు నెలలే కదా భయం" అంది. ఇంటర్ కూడా చదవని మా అమ్మ అడిగిన ఈ ప్రశ్న దగ్గరికి నాతో మాట్లాడిన ఏ డాక్టరూ రాలేదు.

ఎందుకంటే గుండె తయారయ్యేది ఆ మొదటి వారాల్లోనే. నేను తొమ్మిదో వారంలో వచ్చేసరికి గుండె నాలుగు గదులుగా విడిపోయే పని చాలావరకు నడిచిపోయింది. ఏ ప్రమాదం కోసం మందు ఆపారో ఆ ప్రమాదం ముప్పాతిక వంతు దాటిపోయాక ఆపారు. మిగతా ఏడు నెలలు దేనికోసం ఆపానో నాకు ఎవరూ చెప్పలేదు.

అలాగని ఈ మందు పాలలా స్వచ్ఛమైనదని నేను అనను. ఆకలి చంపుతుంది, గుండె వేగం పెంచుతుంది, బీపీ కొంచెం పెంచుతుంది. ఈ కుటుంబానికి చెందిన మందులు వాడిన గర్భిణుల్లో గర్భంలో వచ్చే బీపీ, అంటే మన పెద్దవాళ్ళు గుర్రపువాతం అని భయపడేదానికి దారితీసేది, కొద్దిగా ఎక్కువ కనిపించింది. గర్భం రెండో సగంలో కూడా కొనసాగించిన వాళ్ళలో నెలలు నిండకుండా కాన్పులూ కొంచెం ఎక్కువే. ఇవన్నీ బీపీ మిషను, బరువు తూచే మిషను, స్కాను కనిపెట్టగల విషయాలు. మీ చేతిలో ఉన్నవే. చూస్తూ ఉండాలి, అంతే.

డెన్మార్క్ వాళ్ళు ఇంకా ముందుకు వెళ్ళారు. పది లక్షలకు పైగా పిల్లలను ఏళ్ళ తరబడి గమనించి 2023లో ప్రచురించారు. కడుపులో ఉండగా తల్లి ఏడీహెచ్‌డీ మందు కొనసాగించిన పిల్లలు 898 మంది, గర్భానికి ముందే ఆపేసిన తల్లుల పిల్లలు 1,270 మంది. ఆటిజం, ఏడీహెచ్‌డీ, మూర్ఛ, చూపు, వినికిడి, ఎదుగుదల, దేనిలోనూ మందు వల్ల ప్రమాదం పెరిగినట్టు కనబడలేదు. 898 అనేది మరీ పెద్ద సంఖ్యేమీ కాదు. అయినా నాకు అది పట్టుకోవడానికి ఒక కొమ్మ.

పోల్చడంలో వాళ్ళు చేసిన మంచి పని ఒకటుంది. మందు వాడిన తల్లులను ఏ జబ్బూ లేని తల్లులతో పోల్చలేదు, అదే జబ్బుండి మందు ఆపినవాళ్ళతో పోల్చారు. ఇది ఎందుకు ముఖ్యమో మా నాన్నను చూస్తే తెలుస్తుంది. ఆయన ఇంటి తాళంచెవి లోపల పెట్టి తలుపు వేసుకుని, గోడ దూకి, పక్కింటివాళ్ళ చేత దొంగ అనిపించుకున్న మనిషి. ఏడీహెచ్‌డీ చాలావరకు రక్తంలో వచ్చేది, దాదాపు 74 శాతం వంశపారంపర్యం అని కవలల మీద జరిగిన పరిశోధనలు చెప్తున్నాయి. రేపు నా పిల్లల్లో ఎవరికైనా వస్తే మాత్ర వల్ల వచ్చిందని అత్తయ్య అంటుంది. అసలు వచ్చింది తెనాలి తాతయ్య దగ్గర్నుంచి.

నిజంగా భయపడాల్సిన మందులు వేరే ఉన్నాయి, మీకు తెలియనిది కాదు. మూర్ఛకూ, బైపోలార్‌కూ రాసే వాల్‌ప్రోయేట్ వాడితే పది మంది పిల్లల్లో ఒకరికి పుట్టుకతో పెద్ద లోపం రావచ్చు. వెయ్యికి ముగ్గురికీ పదికి ఒకరికీ మధ్య ఎంత దూరం! రెంటికీ ఒకే మాట, 'ఆపేయండి' అంటే ఆ తేడా మాకెలా తెలుస్తుంది?

డాలస్‌లో మా పిన్ని కూతురు ఉంది, దానిదీ ఇదే జబ్బు. అది వాడేది యాంఫెటమిన్ రకం, మన మందుల షాపుల్లో దొరకదు. ఇదే 2018 అధ్యయనంలో ఆ రకానికి గుండె లోపాలు పెరిగినట్టు కనబడలేదు. దాని గర్భం సంగతి నాది కాదు, నాది దానిది కాదు. ఇంటర్నెట్‌లో అమెరికా వాళ్ళు రాసుకునే అనుభవాలు చదివి ఇక్కడి అమ్మాయిలు గందరగోళపడేది ఇందుకే. మందు పేరు వేరైతే లెక్క కూడా వేరు.

ఈసారి ముందే జాగ్రత్తపడ్డాను. రెండో బిడ్డ అనుకున్నప్పుడే సైకియాట్రిస్టు దగ్గరికి వెళ్ళాను. ఆయన ఓపిగ్గా కూర్చుని మాట్లాడారు. గుండె లెక్క నా మనసులో ఉంది కాబట్టి మొదటి 13 వారాలు ఆపుదామని నేనే అడిగాను. ఆ మూడు నెలలు స్కూటీ తాళం మా ఆయన దగ్గర. ఆఫీసుకు మెట్రోలో వెళ్ళాను. అమ్మ తెనాలి నుంచి వచ్చింది. మాత్రల డబ్బాలో వారానికి సరిపడా ఐరన్, ఫోలిక్ యాసిడ్ మా ఆయన సర్దేవారు. ఆడిటర్ గారికి విషయం చెప్పి, ఆ మూడు నెలలు రిటర్నులు ఇంకొకరు వేసేలా ఏర్పాటు చేసుకున్నాను. 14వ వారం నుంచి మళ్ళీ మొదలుపెట్టాను, ఇదివరకటి 30 బదులు 10 మిల్లీగ్రాములు. ఇంట్లో వారానికి రెండుసార్లు బీపీ చూసుకుని నోటుబుక్కులో రాస్తున్నాను. బరువు సరిగ్గానే పెరుగుతోంది.

ఇది నాకు కుదిరిన పద్ధతి. తల్లి వచ్చి మూడు నెలలు ఉండలేని అమ్మాయికి కుదరదు. మాత్ర లేకపోతే డిప్రెషన్‌లోకి జారిపోయే అమ్మాయికి మూడు నెలల విరామం కూడా ప్రమాదమే. ఇంట్లో ఉండి, జబ్బు తేలికగా ఉన్న అమ్మాయికి తొమ్మిది నెలలూ మాత్ర లేకుండానే గడిచిపోవచ్చు. ఇది చదివి ఎవరూ సొంతంగా ఆపొద్దు, సొంతంగా వేసుకోవద్దు కూడా.

అసలు తిప్పలు నిర్ణయం తీసుకోవడంలో కాదు, దాన్ని అమలు చేయడంలో వచ్చాయి. "గైనకాలజిస్టు సరే అంటే నాకు అభ్యంతరం లేదు" అన్నారు సైకియాట్రిస్టు. "సైకియాట్రిస్టు రాసిస్తే నాదేముంది" అన్నారు గైనకాలజిస్టు. కరవమంటే కప్పకు కోపం, విడవమంటే పాముకు కోపం. మధ్యలో నేను రెండు ఫైళ్ళు చంకన పెట్టుకుని మియాపూర్ నుంచి పంజాగుట్టకు, పంజాగుట్ట నుంచి మియాపూర్‌కు మెట్రోలో మూడుసార్లు తిరిగాను. మతిమరుపు జబ్బు ఉన్న మనిషిని ఇద్దరు డాక్టర్ల మధ్య పోస్ట్‌మన్‌గా పెట్టడం ఎవరి ఆలోచనో!

ఆ తరువాత మందుల షాపు. ఇది షెడ్యూల్ ఎక్స్ మందు, అంటే అమ్మకం మీద గట్టి నియంత్రణ ఉన్నది. చీటీ రెండు కాపీలు ఉండాలి, ఒకటి షాపులో రెండేళ్ళు దాచాలి. అంతవరకు సరే. కౌంటరులో కుర్రాడు చీటీ చూశాడు, నన్ను చూశాడు, నా పొట్ట చూశాడు. "మేడమ్, ఇది మీకేనా?" అని పక్కనున్న నలుగురికీ వినబడేలా అడిగాడు. చెవిలో దుద్దు సర్దుకుంటూ "మా తమ్ముడికి" అన్నాను. చీటీ మీద నా పేరే ఉంది. ఆ రోజు మందు ఇవ్వలేదు.

కాన్పు అయ్యాక మీరు మమ్మల్ని ఇంకా తొందరగా వదిలేస్తారు. స్వీడన్ రికార్డుల ప్రకారం ఏడీహెచ్‌డీ ఉన్న బాలింతల్లో దాదాపు 17 శాతం మందికి డిప్రెషన్ నిర్ధారణ అయ్యింది, లేనివాళ్ళలో 3 శాతం. మొదటి కాన్పు తరువాత నేను ఆ 17లో ఉన్నానో లేదో తెలియదు, ఎవరూ అడగలేదు. బాబుకు పాలిచ్చే ఏడాదంతా మాత్ర వేసుకోలేదు. తల్లి వేసుకున్న మోతాదులో పాల ద్వారా బిడ్డకు చేరేది 1 శాతం కంటే తక్కువని చదివింది ఆ తరువాత.

అడిగేవి చిన్నవే. గర్భిణి మొదటిసారి వచ్చినప్పుడు షుగర్, థైరాయిడ్ అడిగినట్టే మానసిక సమస్యలకు మందులేమైనా వాడుతున్నారా అని అడగండి, భర్తనూ అత్తగారినీ కాసేపు బయట కూర్చోబెట్టి. ప్రతి నెలా 9న ప్రభుత్వ ఆస్పత్రుల్లో జరిగే గర్భిణుల పరీక్షల్లో కూడా ఈ ఒక్క ప్రశ్న చేరిస్తే బాగుంటుంది. సైకియాట్రిస్టులూ, పెళ్ళీడు వచ్చిన అమ్మాయికి ఈ మాత్ర రాసే మొదటి రోజే పిల్లల సంగతి ఎత్తండి. నెల తప్పాక మా దగ్గర ఆలోచించే వ్యవధి ఉండదు. ఆపమని చెప్పాలనుకుంటే, ఎన్ని వారాలు, దేనికోసం, ఆపినన్నాళ్ళు బండి నడపొచ్చా, పని ఎలా, మళ్ళీ ఎప్పుడు అన్నది కూడా చెప్పండి. కొనసాగించమని చెప్పాలనుకుంటే బీపీ ఎప్పుడెప్పుడు చూడాలో, టిఫా స్కానుతో (బిడ్డ అవయవాలన్నీ చూసేది) పాటు ఫీటల్ ఎకో (బిడ్డ గుండె స్కాను) ఎప్పుడో చెప్పండి. శాతాలు వద్దు, వెయ్యికి ఎంతమందో చెప్పండి. మా అమ్మకు అర్థమయ్యింది, అందరికీ అవుతుంది.

బెంగళూరు నిమ్హాన్స్ ఆస్పత్రిలో మానసిక చికిత్స కావలసిన బాలింతలను బిడ్డతో సహా చేర్చుకునే వార్డు 2009 నుంచి నడుస్తోంది. మన ఎర్రగడ్డ మానసిక ఆస్పత్రిలోనూ, విశాఖ చినవాల్తేరు మానసిక ఆస్పత్రిలోనూ వారానికి ఒక పూట గైనకాలజిస్టు, సైకియాట్రిస్టు ఒకే బల్లకు అటూ ఇటూ కూర్చుని ఓపీ చూస్తే నాలాంటి వాళ్ళకు మెట్రో ఖర్చు మిగులుతుంది. ప్రైవేటులో అంత అక్కర్లేదు. ఒక ఫోన్ కాల్ చాలు. నేను మీ ఇద్దరి నంబర్లూ ఇస్తాను.

మూడో ట్రిప్పులో సైకియాట్రిస్టు గారు తన లెటర్‌హెడ్ మీద ఆరు లైన్లు రాసిచ్చారు: జబ్బు పేరు, మందు, మోతాదు, ఎందుకు ఆపాం, ఎందుకు మళ్ళీ మొదలుపెట్టాం, బీపీ ఎంత దాటితే ఆపాలి. కింద గైనకాలజిస్టు గారు 'చూశాను' అని సంతకం పెట్టి తేదీ వేశారు. మందుల షాపు కుర్రాడికి అదే చూపించాను, మారు మాట్లాడకుండా ఇచ్చాడు. వచ్చే గురువారం టిఫా స్కాను. ఆ కాగితం తీసుకురమ్మన్నారు. ఫోన్‌లో ఫోటో ఉంది. అసలు కాగితం ఎక్కడ పెట్టానో నిన్నటినుంచి వెతుకుతున్నాను. అందుకే, దయచేసి, అలాంటిది ఒకటి మీ ఫైల్లో కూడా పెట్టుకోండి.

ఇట్లు,
మీ పేషెంటు ఒకరు,
మియాపూర్, హైదరాబాదు